మనసుకు నచ్చిన మనిషా, టెస్టులో నెగ్గిన మనిషా?
ఇంటర్వ్యూ మొదటి ఐదు నిమిషాల్లోనే ఒకరు బాగా నచ్చేశారు, టెస్టులో మాత్రం ఇంకొకరు ముందున్నారు, ఎవరిని తీసుకోవాలో తేలక టెన్షన్‌గా ఉందన్నారు కదా. ఇప్పుడే ఆ మొదటి అభిప్రాయాన్ని నమ్మకండి.

మనసుకు తట్టినదాన్ని ఎప్పుడు నమ్మవచ్చో మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాశారు. కానెమన్ దాన్ని అనుమానించేవారు, క్లైన్ అగ్నిమాపక అధికారుల పనిని దగ్గరగా చూసి దాన్ని గౌరవించేవారు, అయినా ఒక మాట మీదికి వచ్చారు: పరిస్థితులు ఒక క్రమంలో నడవాలి, మన అంచనా తప్పో ఒప్పో వెంటవెంటనే తెలుస్తూ ఉండాలి. చదరంగంలో అలా తెలుస్తుంది. ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడంలో తెలియదు, ఎందుకంటే ఫలితం నెలల తర్వాత గానీ బయటపడదు, పైగా మీరు వద్దన్నవాళ్లు ఎలా పనిచేసేవారో మీకు ఎప్పటికీ తెలియదు (నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే).

కాబట్టి ఆ పనికి కావలసిన ఐదారు లక్షణాలు రాసుకుని, ఇద్దరినీ మళ్లీ పిలిచి అవే ప్రశ్నలు అడగండి. ఒక్కో లక్షణానికి అప్పటికప్పుడే మార్కు వేసి తర్వాతిదానికి వెళ్లండి. అన్నీ అయ్యాక, చివర్లో, మీ మనసు ఏమంటోందో దానికీ ఒక మార్కు వేయండి. 1950లలో ఇజ్రాయెల్ సైన్యం కోసం కానెమన్ ఇలాంటి పద్ధతే పెట్టారు, అలా చివర్లో వేసిన మార్కు కూడా బాగానే పనికొచ్చింది.