కేబుల్ పట్టింది, బొమ్మ రాలేదు

ప్రశ్న: సార్, నా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది, కొత్త మానిటర్‌కేమో డిస్‌ప్లేపోర్ట్, వీజీఏ ఉన్నాయి. ఒక చివర డిస్‌ప్లేపోర్ట్, ఇంకో చివర హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ కొన్నా. రెండు వైపులా చక్కగా పట్టింది కానీ నో సిగ్నల్ అనే వస్తోంది. పాడైంది కేబులా, మానిటరా?

జవాబు: రెండూ బాగానే ఉండుంటాయండి, కేబుల్ మీకు కావాల్సిన దిశలో పనిచేసేది కాదు, అంతే. ఆ రకం కేబుళ్లు దాదాపు అన్నీ డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ ఉన్న మానిటర్‌కి వెళ్లడానికే చేస్తారు. ఎందుకంటే చాలా కంప్యూటర్లలో డిస్‌ప్లేపోర్టే అవసరమైతే హెచ్‌డీఎంఐ రకం సిగ్నల్ కూడా పంపేస్తుంది (పోర్టు దగ్గర డీపీ గుర్తు పక్కన రెండు ప్లస్‌లు ఉంటే అదే), కేబుల్లో ఓల్టేజీ సర్దే చిన్న సర్క్యూట్ ఉంటే సరిపోద్ది. హెచ్‌డీఎంఐ మాత్రం అలా డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ పంపలేదు, డిస్‌ప్లేపోర్టేమో డేటాని ప్యాకెట్లుగా పంపుతుంది, హెచ్‌డీఎంఐది వేరే పద్ధతి, కాబట్టి మధ్యలో మార్చే చిప్ ఉండి తీరాలి. మీరు అడగాల్సింది హెచ్‌డీఎంఐ టు డిస్‌ప్లేపోర్ట్ యాక్టివ్ కన్వర్టర్, చాలావాటికి పవర్ కోసం యూఎస్‌బీ వైరు కూడా ఉంటుంది, అది పెట్టకపోతే మళ్లీ నో సిగ్నలే. మానిటర్ 4కే అయితే 60 హెర్ట్జ్ (అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారడం) అని రాసుందో లేదో తప్పకుండా చూడండి, 30 దగ్గర ఆగిపోయేవీ ఉన్నాయి, వాటితో మౌస్ కదిలిస్తేనే తేడా తెలిసిపోతుంది.

వీజీఏ దారి కూడా ఉంది. అది 1987లో ఐబీఎం తెచ్చిన అనలాగ్ పద్ధతి, హెచ్‌డీఎంఐ పూర్తిగా డిజిటల్, అందుకే అడాప్టర్లో డిజిటల్‌ని అనలాగ్ చేసే చిప్ ఉంటుంది. 1920 బై 1080 దాకా నడుస్తుంది కానీ అక్షరాలు కాస్త మసగ్గా రావచ్చు, వీజీఏలో సౌండ్ కూడా రాదు. రోజంతా చదివే పనైతే నేనైతే వద్దంటా, కళ్లు మీవి కదా.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్ డీవీఐ పోర్టుకి వీజీఏ మానిటర్ పెట్టాలి, మామూలు చిన్న అడాప్టర్ చాలా?

జవాబు: ముందు పోర్టు చూడండి. అడ్డగీతలాంటి చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటే అది డీవీఐ-ఐ, అనలాగ్ కూడా వస్తుంది, చిప్ లేని అడాప్టరే చాలు. రంధ్రాలు లేకపోతే డీవీఐ-డి, అందులో అనలాగ్ లేదు, ఆ అడాప్టర్ అసలు దూరదు. దూరట్లేదని పిన్నులు విరిచి పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, విరిచినా బొమ్మ రాదు, యాక్టివ్ అడాప్టరే కొనాలి.