కారును నేలకు కట్టే లెక్క: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యాక్సిడెంట్ బండిని గుంజే మిషన్ల గురించి అడిగేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. గుంజేటప్పుడు బండిని కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాం.

మల్లాపూర్‌లో మాకు డెంటింగ్ షెడ్డు ఉంది. ఫ్లోరు పాతది, నాలుగంగుళాల కాంక్రీటు. 10 టన్నుల హైడ్రాలిక్ రామ్ (నూనె ఒత్తిడితో గుంజే జాకీ) కొన్నాం. నేలకు డ్రిల్లు కొట్టి ఎక్స్‌పాన్షన్ బోల్టులతో (రంధ్రంలో విచ్చుకుని పట్టే బోల్టులు) కొక్కేలు బిగిస్తే ఆగుతుందా?

ఆగదు. మొదట ఆగినట్టే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రామ్ ముందుకు ఎంత గుంజితే, బండిని వెనక నుంచి పట్టుకున్న గొలుసుల మీద అంత బరువూ పడుతుంది. గొలుసు నేలకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. 5 టన్నుల గుంజుడును 45 డిగ్రీల వాలులో ఉన్న గొలుసులతో ఆపితే వాటిలో బిగువు 7 టన్నులు దాటుతుంది, నేలను పైకి పెకలించే బలం 5 టన్నులు ఉంటుంది. అదే వాలు 30 డిగ్రీలైతే బిగువు 5.8 టన్నులు, పైకి లేపే బలం 2.9 టన్నులు. అంటే క్లాంపు (బండి అంచును పళ్లతో కొరికి పట్టే పట్టు) నేల నుంచి 50 సెం.మీ. ఎత్తులో ఉంటే, కొక్కెం 50 సెం.మీ. దూరంలో కాకుండా 90 సెం.మీ. దూరంలో ఉండాలి. పైసా ఖర్చు లేకుండా నేల మీది భారం దాదాపు సగానికి తగ్గుతుంది.

ఇక మీ ఫ్లోరు సంగతి. నాలుగంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 240 కిలోలే తూగుతుంది. అందులో 8 సెం.మీ. లోతుకు దిగిన 16 ఎం.ఎం. బోల్టు మీద టన్నుకు మించి నమ్మకం పెట్టుకోలేం. అంతకు మించితే బోల్టు తెగదు, దాని చుట్టూ కాంక్రీటే గరాటు ఆకారంలో ఊడి వస్తుంది. పైగా గుంజి వదలడం, మళ్లీ గుంజడం రోజూ జరిగే పని. ఆ అదురుకు ఎక్స్‌పాన్షన్ బోల్టు పట్టు మెల్లగా సడలుతుంది. కెమికల్ యాంకర్ (జిగురుతో అతికించే బోల్టు) వేసినా ఫ్లోరు మందం పెరగదు కదా.

గుంజే బే ఒక్కదాన్నే పగలగొట్టి కొత్తగా పోయండి. 4.5 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవు చాలు. కింద మొరం బాగా దిమ్మిస చేసి, ఎం25 గ్రేడు కాంక్రీటు 15 సెం.మీ. మందంతో వేయాలి. 10 ఎం.ఎం. కడ్డీల జాలీ, 20 సెం.మీ.కు ఒకటి చొప్పున రెండు వైపులా. కొక్కేలు వచ్చే చోట్ల 75 సెం.మీ. చదరంలో మందం 35 సెం.మీ.కు పెంచండి. రెండు పక్కలా నాలుగేసి, ముందు రెండు, వెనక రెండు, మొత్తం 12. కాంక్రీటు సుమారు ఆరున్నర క్యూబిక్ మీటర్లు పడుతుంది, ఇంచుమించు ఒక ట్రాన్సిట్ మిక్సర్ లోడు. పోయించే ముందు ఈ లెక్కలు సివిల్ ఇంజనీరుకు చూపించి, మీ నేలను బట్టి సరిచేయించుకోండి. నల్లరేగడి నేలయితే ఆ మట్టి తీసి మొరం నింపాకే ఏదైనా.

కొక్కేనికి 25 ఎం.ఎం. గుండ్రటి మైల్డ్ స్టీల్ కడ్డీని యు ఆకారంలో వంచి, రెండు కాళ్లనూ కింద బయటికి మడిచి, జాలీ కిందికి పోనివ్వండి. టీఎంటీ కడ్డీ వద్దు. బిగుతుగా వంచితే పైపొర చిట్లవచ్చు, వెల్డింగ్ పెడితే ఆ పొర బలం పోతుంది. యు తల నేల మట్టానికి కిందే, 10 సెం.మీ. పైపు ముక్కలో ఉండేలా పెడితే బండ్లు తిరగడానికి అడ్డు రాదు. దానికి మూత పెట్టండి, లేకపోతే పుట్టీ పొడి, నీళ్లు చేరి కడ్డీ తుప్పు పడుతుంది.

కొందరు ఫ్లోరు ముట్టుకోకుండా గుంతలు తీసి విడివిడిగా దిమ్మలు పోస్తుంటారు. రెండడుగుల ఘనపు దిమ్మ అర టన్నుకు కాస్త ఎక్కువ తూగుతుంది. మూడు టన్నులు పైకి గుంజితే ఆ దిమ్మ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. దిమ్మలన్నీ జాలీతో ఒకే ఫ్లోరులో కలిసి ఉంటేనే 15 టన్నుల కాంక్రీటు మొత్తం మీకు పనిచేస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన) సిమెంటైతే 10 రోజులు తడపాలి. 28 రోజులు నిండేదాకా గొలుసు తగిలించొద్దు.

స్విఫ్ట్ ఎడమ ఆప్రాన్ (ఇంజన్ పక్కన, ముందు చక్రం పైనుండే లోపలి రేకు) గుంజుతుంటే సిల్లు (తలుపుల కింది పట్టీ) కింద పట్టిన క్లాంపులు జారుతున్నాయి. ఎంత బిగించినా అంతే. క్లాంపులు మార్చాలా?

మార్చే ముందు పళ్లు చూడండి. అండర్ కోటింగ్ తారు ఆ పళ్ల మధ్య నిండిపోతే క్లాంపు రేకును కొరకదు, దాని మీద జారుతుంది. వైర్ బ్రష్‌తో పళ్లు శుభ్రం చేయండి. సిల్లు కింది అంచు మీద కూడా క్లాంపు పట్టే మేర కోటింగ్, సీలర్ గీకేయండి. అంచు ముందే వంగి ఉంటే దాన్ని సాపు చేశాకే పట్టించాలి. జాకీ పెట్టడానికి కంపెనీ గుర్తు పెట్టిన చోట్ల లోపల బలం ఉంటుంది, క్లాంపు అక్కడికి దగ్గరగా ఉండాలి. క్లాంపుకున్న రెండు బోల్టులనూ మార్చి మార్చి బిగించండి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే దవడ ఏటవాలుగా కూర్చుంటుంది. ముందు టన్ను మాత్రం గుంజి, ఆపి, బోల్టులన్నీ మళ్లీ బిగించండి. రేకు నలిగి కొద్దిగా వదులవడం మామూలే.

ఇదంతా సరిగా ఉన్నా జారుతోందంటే తప్పు కట్టే తీరులో ఉంది. వెనక్కి కట్టి, పక్కలకు వదిలేసి ఉంటారు. ఆప్రాన్ బండి నడిమధ్య గీత నుంచి సుమారు 50 సెం.మీ. ఎడమకు ఉంటుంది. అక్కడ 4 టన్నులు గుంజితే బండిని తిప్పే బలం 2 టన్ను-మీటర్లు. ముందు క్లాంపుల జతకీ వెనక జతకీ మధ్య 1.6 మీటర్ల ఎడం ఉండి, ఆ తిప్పుడంతా పక్క గొలుసులే మోస్తే, ఒక్కో జత మీద ఒకటింపావు టన్ను అడ్డంగా పడుతుంది. కాబట్టి ముందు జతను ఒక పక్కకు, వెనక జతను రెండో పక్కకు కట్టండి. నాలుగు క్లాంపుల గొలుసులనూ టర్న్‌బకిల్‌తో (తిప్పితే గొలుసు బిగుసుకునే మర) ఒకే బిగువుకు తేవాలి. ఒకటి వదులుగా ఉంటే దాని వాటా మిగతా మూడు మోస్తాయి.

ఒక్క గుంజుడులో పని తెమల్చాలని చూడకండి. గుంజి, అలాగే ఆపి, ముడత పడిన చోట కర్ర దిమ్మ అడ్డుపెట్టి సుత్తితో కొట్టి, వదిలి, కొలవండి. వదలగానే రేకు కొంత వెనక్కి వస్తుంది. ఆ కొంచెం కోసమే కొలతకు మించి కాస్త గుంజాలి. గట్టి స్టీలు భాగాలకు గ్యాస్ మంట చూపించొద్దు. బి-పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య స్తంభం) లాంటి బోరాన్ స్టీలు వంగితే మార్చడమే, గుంజడం లేదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గొలుసు కొనాలంటే ఏ సైజు అడగాలి?

సైజుతో పాటు గ్రేడు అడగండి. గ్రేడ్ 80 అల్లాయ్ గొలుసు 10 ఎం.ఎం. అయితే 3.15 టన్నులకు, 13 ఎం.ఎం. అయితే 5.3 టన్నులకు పనికొస్తుంది. లింకుల మీద 8 అనో 80 అనో ముద్ర ఉంటుంది. ముద్ర లేని గొలుసు గేటుకు వేసుకోవడానికే. గొలుసు మెలిక పడి ఉండగా గుంజొద్దు, ముడి వేసి పొడవు తగ్గించొద్దు. సాగిన లింకు ఒక్కటి కనిపించినా ఆ గొలుసు పక్కన పడేయాల్సిందే. షాకిల్ (గొలుసును కలిపే యు ఆకారపు కడియం), కొక్కెం కూడా అదే బలానివై ఉండాలి. ఒక మాట మరవద్దు: గుంజేటప్పుడు గొలుసు సాగే దారిలో మనిషి ఉండకూడదు. గొలుసు మీద మందపాటి దుప్పటి వేయండి, క్లాంపుకు విడిగా సేఫ్టీ వైరు కట్టండి.

స్కార్పియో ఛాసిస్ డైమండ్ అయింది. దీన్నీ సిల్లు దగ్గరే పట్టాలా?

వద్దు. దీనికి బాడీ వేరు, ఛాసిస్ వేరు, మధ్యలో రబ్బరు బుష్‌లు. సిల్లు పట్టుకుని ఛాసిస్ గుంజితే బుష్‌లు నలిగి బాడీ జరుగుతుందే తప్ప లాంగ్ మెంబర్ (ఛాసిస్ పొడవునా ఉండే పెట్టె ఆకారపు దూలం) కదలదు. పట్టు ఛాసిస్ మీదే ఉండాలి, అదీ క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) కలిసే చోట. గొలుసును నేరుగా లాంగ్ మెంబర్‌కు చుడితే పెట్టె మూలలు లోపలికి నొక్కుకుపోతాయి. ఫ్రేమ్ క్లాంపు వాడండి, లేదా కంపెనీ వదిలిన రంధ్రాల్లో సరిపోయే కొక్కెం పెట్టండి. కొత్త రంధ్రాలు కోయొద్దు.

డైమండ్ అంటే ఒక లాంగ్ మెంబర్ రెండోదాని కంటే వెనక్కి నెట్టుకుపోవడం. ట్రామ్ గేజ్‌తో (రెండు బిందువుల మధ్య దూరం కొలిచే కడ్డీ) రెండు మూలగీతలూ కొలిస్తే తేడా తెలుస్తుంది. జరగని మెంబర్‌ను ముందుకు రాకుండా వెనక్కి కట్టి, జరిగినదాన్ని ముందుకు గుంజాలి. రెండింటినీ వెనక్కి కట్టేస్తే ఎంత గుంజినా కొలత మారదు, మెంబర్ సాగుతుంది. గుంజే ముందు బాడీ మౌంటింగ్ బోల్టులు వదులు చేయడం, స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపులు బిగుసుకుంటున్నాయేమో చూడడం మరవకండి.

అద్దె షెడ్డు. ఓనరు నేల తవ్వనివ్వడు. షెడ్డు పోలుకు కట్టి గుంజుతున్నాం.

వెంటనే ఆపండి. ఆ పోలు కింది బోల్టులు రేకుల బరువుకూ గాలికీ లెక్కగట్టినవి. పక్కకు 5 టన్నులు గుంజితే రేకులన్నీ మీ మీదే పడొచ్చు.

మీకు కావలసింది నేలను వాడని ఏర్పాటు. ఐఎస్ఎంబీ 200 (20 సెం.మీ. ఎత్తుండే ఐ ఆకారపు ఇనుప) దూలాలు ఐదున్నర మీటర్లవి రెండు తీసుకుని, మధ్యలో అడ్డ దూలాలు వెల్డ్ చేసి నిచ్చెనలా చేయించండి. మీటరుకు సుమారు 25 కిలోల బరువుంటాయి. బండి క్లాంపులనూ, గుంజే టవర్‌నూ (రామ్ ఉండే నిలువు స్తంభం) ఆ ఫ్రేముకే బిగిస్తే గుంజుడూ పట్టూ ఫ్రేములోనే సరిపోతాయి, నేల మీద బరువు తప్ప మరేం పడదు. షెడ్డు ఖాళీ చేసినప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు కూడా.

నేను మెకానిక్‌ను కాదు. నా కారు ముందు భాగం గుంజి బాగుచేశారు. సరిగా చేశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

గుంజకముందు, గుంజాక తీసుకున్న కొలతల కాగితం అడగండి. కంపెనీ చార్టుతో తేడా 3 ఎం.ఎం. లోపు ఉండాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు చూడండి. బానెట్‌కూ ఫెండర్లకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందా, తలుపులు ఎత్తకుండా పడుతున్నాయా గమనించండి. చివరగా వంగి సిల్లు కింద చూడండి. క్లాంపు పళ్ల గుర్తులు నాలుగు చోట్లా ఉండడం తప్పు కాదు, బండిని పట్టి గుంజారనడానికి అదే ఆధారం. కానీ ఆ గుర్తులు తెల్లటి ఇనుముతో కనిపిస్తుంటే ఎపాక్సీ ప్రైమర్, సీలర్, అండర్ కోటింగ్ వేయించకుండా బండి తీసుకోకండి. వానాకాలం రోడ్ల మీద నిలిచే నీళ్లు మొదట తినేది ఆ అంచునే.