మిడ్‌టర్మ్‌లో 45 వచ్చింది.. కాలిక్యులస్ వదిలేయాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కాలిక్యులస్-1 హోంవర్క్‌లో 95 శాతం వస్తోంది. మొదటి మిడ్‌టర్మ్‌లో మాత్రం 45 శాతమే వచ్చింది. హోంవర్క్‌కు 20, రెండు మిడ్‌టర్మ్‌లకు చెరో 20, ఫైనల్‌కు 40 శాతం వెయిటేజీ. కాలిక్యులేటర్ వాడనివ్వరు, పరీక్ష తప్పితే మళ్లీ పెట్టరు. కాలిక్యులస్-2కి వెళ్లాలంటే మొత్తం మీద 70 శాతం రావాలి. ఈ రూల్స్ చూస్తేనే టెన్షన్‌గా ఉంది. కోర్సు వదిలేసి బ్రాంచి మారడం మంచిదా?

జవాబు: ముందు కాగితం మీద లెక్క వేయండి. హోంవర్క్‌లో ఇదే ఊపు కొనసాగితే 20కి 19 మీవే. మిడ్‌టర్మ్ నుంచి 9. అంటే 28 చేతిలో ఉన్నాయి. 70కి ఇంకా 42 కావాలి, మిగిలిన పరీక్షల విలువ 60. అంటే రెండో మిడ్‌టర్మ్‌లో, ఫైనల్లో 70 శాతం చొప్పున తెచ్చుకుంటే చాలు. రెండో మిడ్‌టర్మ్‌లో 60 శాతమే వచ్చినా ఫైనల్లో 75 శాతంతో గట్టెక్కుతారు. ఒక్క పరీక్ష చూసి బ్రాంచి మార్చుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 95కీ 45కీ మధ్య ఉన్న తేడా. ఆన్‌లైన్ హోంవర్క్‌లో చాలాచోట్ల ఒక్కో లెక్కకు పలుమార్లు ప్రయత్నించే వీలుంటుంది, పక్కనే అలాంటి ఉదాహరణ కనిపిస్తుంది. పరీక్షలో పుస్తకం ఉండదు, టైమ్ తక్కువ. జవాబులిచ్చే యాప్‌లు గానీ, ఏఐ గానీ వాడుతుంటే వెంటనే ఆపండి. కోర్సు నిబంధనలు ఒప్పుకోకపోతే అది కాపీ కిందికే వస్తుంది, దొరికితే ఎఫ్ గ్రేడ్ దాకా వెళ్లొచ్చు. దొరకకపోయినా మీకేం రాదో మీకే తెలియకుండా పోతుంది, దానివల్ల జరిగే నష్టమే పెద్దది. ఇకనుంచి హోంవర్క్ లెక్కల్ని మొదటిసారి నోట్స్ మూసేసి, టైమ్ పెట్టుకుని చేయండి. తర్వాతే జవాబు ఎక్కించండి.

దిద్దిన జవాబు పత్రం తెచ్చుకుని, పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాయండి. మొదటి కాలిక్యులస్ కోర్సులో మార్కులు తినేసేది ఎక్కువగా పాత ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీలే. ఒక మామూలు ప్రశ్న తీసుకోండి: 1 బై ఎక్స్‌కు డెరివేటివ్‌ను (అది మారే రేటును) నిర్వచనం నుంచి రాబట్టమంటారు. ఎక్స్‌లో వచ్చే చిన్న మార్పు హెచ్ అనుకోండి. 1 బై (ఎక్స్ ప్లస్ హెచ్) లోంచి 1 బై ఎక్స్ తీసేసి, మొత్తాన్ని హెచ్‌తో భాగించాలి. క.సా.గు. తీసి కలిపితే లవంలో మైనస్ హెచ్ మిగులుతుంది, కింది హెచ్‌తో అది కొట్టేసుకుపోతుంది. అప్పుడు హెచ్‌ను సున్నాకు చేరిస్తే మైనస్ 1 బై ఎక్స్ స్క్వేర్ వస్తుంది. ఇందులో కాలిక్యులస్ ఆఖరి మెట్టు ఒక్కటే, మిగతాదంతా భిన్నాల లెక్క. మీ తప్పులు అక్కడే ఉంటే రోజూ అరగంట భిన్నాలు, ఘాతాంకాలు, ట్రిగ్ సూత్రాలు సాధన చేయండి. కాలిక్యులేటర్ వద్దనడానికి కారణం కూడా ఇదే, ఆ నేర్పు మీకుందో లేదో చూస్తారు.

ఇంకో సంగతి: స్టెప్ మార్కులు వదులుకోవద్దు. జవాబు సరిగ్గా ఉన్నా, హెచ్‌ను సున్నాకు చేర్చకముందే లిమిట్ గుర్తు వదిలేస్తే మార్కు పోతుంది. హద్దులు లేని (ఇన్‌డెఫినిట్) ఇంటిగ్రేషన్ చివర ప్లస్ సి మరిచినా అంతే.

టైమ్ విషయానికొస్తే, క్లాసులో గంటకు బయట రెండు గంటల సాధన ఉంటుందన్న లెక్కతోనే చాలా కోర్సులు నడుస్తాయి. వారానికి నాలుగు గంటల క్లాసు ఉంటే ఎనిమిది గంటలు కేటాయించాలి. పరీక్ష ముందురోజు కూర్చుంటే ఆ సాధన తీరదు. ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసర్ విద్యార్థుల సందేహాలు తీర్చే సమయానికి) తప్పకుండా వెళ్లండి, కానీ ‘ఏం అర్థం కావట్లేదు సార్’ అని వెళ్లకండి. సగం చేసిన లెక్క పట్టుకెళ్లి, ఎక్కడ ఆగిపోయారో చూపించండి. అప్పుడే ఆయనా సాయం చేయగలరు.

మళ్లీ పరీక్ష పెట్టరన్న రూల్ కింద మినహాయింపులు కూడా చదవండి. అనారోగ్యానికి రుజువు చూపిస్తే ఆ వెయిటేజీని ఫైనల్‌కు కలిపే కోర్సులున్నాయి. అయితే కొన్నిచోట్ల ముందుగా మెయిల్ పెట్టినవాళ్లకే ఆ వీలుంటుంది.

బ్రాంచి సంగతి. ప్రోగ్రామింగ్ ఉద్యోగాలు చాలావాటిలో రోజూ డెరివేటివ్‌లు వేసే పని ఉండదు. కానీ ప్రాబబిలిటీ, మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లాలంటే ఇది తప్పదు. న్యూరల్ నెట్‌వర్క్ అనే ఏఐ మోడల్‌కు శిక్షణనివ్వడంలో వాడే బ్యాక్‌ప్రొపగేషన్‌కు ఆధారం మీరిప్పుడు నేర్చుకుంటున్న చైన్ రూలే (ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉన్నప్పుడు డెరివేటివ్ తీసే సూత్రం). ఆ పని మీద ఇష్టం ఉంటే 45ను చూసి వెనకడుగు వేయొద్దు.

కోర్సు నుంచి విత్‌డ్రా అయ్యే ఆఖరి తేదీ ఈరోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అది రెండో మిడ్‌టర్మ్ తర్వాతైతే ఆ ఫలితం చూసి పై లెక్క మళ్లీ వేయండి. ఫైనల్లో 85 శాతానికి మించి కావాల్సి వస్తే, ఫీజు, స్కాలర్‌షిప్ మీద పడే ప్రభావం కనుక్కుని విత్‌డ్రా గురించి అడ్వైజర్‌తో మాట్లాడండి. ఆ తేదీ ముందే వస్తే, దానికి వారం ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి టైమ్ పెట్టుకుని రాసి, ప్రొఫెసర్‌కు చూపించి ఆయన అభిప్రాయం అడగండి.