ఖాళీ పెట్టె పారేస్తే పదకొండు రోజుల మౌనం

ప్రశ్న: మేం ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాం. మావారికి 54 ఏళ్లు. పాతకాలపు బొమ్మ క్షిపణులు, రాడార్ వ్యాన్లు కొనడం ఆయన పిచ్చి. మొదట కొన్నది డెక్కా కంపెనీ రాడార్ వ్యాను బొమ్మ. సంక్రాంతికి ఇల్లు సర్దుతూ ఆ బొమ్మలవి నాలుగు ఖాళీ అట్టపెట్టెలు రీసైక్లింగ్ బిన్‌లో వేశాను. పదకొండు రోజులుగా నాతో మాటల్లేవు. ఆ గొడవలోనే, నాకు చెప్పకుండా కార్డు మీద 1,400 పౌండ్లు పెట్టారని తెలిసింది. మా మామగారు ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ మెకానిక్‌ట, నేను చూడలేదు. నాకంటే అట్టపెట్టె ఎక్కువైందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మొదట నాకూ నవ్వొచ్చింది. కానీ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. అవి ఖాళీ పెట్టెలు కావు. బొమ్మల కంపెనీ కోర్గీ వాళ్లు 1958లో బ్లడ్‌హౌండ్ క్షిపణి బొమ్మ తెచ్చారు, మరుసటి ఏడాది ఇంకో బొమ్మల కంపెనీ డింకీ వాళ్లు కార్పొరల్ క్షిపణిని నిలబెట్టే లారీ తెచ్చారు. అవి కొనిపించుకున్న పిల్లలు పెట్టె చించి బొమ్మ లాక్కున్నారు, అట్ట అవతల పడేశారు. అందుకే బొమ్మలు మిగిలినన్ని పెట్టెలు మిగల్లేదు. మూత చెవులు చిరగని అసలు పెట్టె దొరికితే బొమ్మ ధర ఎక్కడికో పోతుంది. ఉత్త పెట్టెనే విడిగా వేలం వేసే సందర్భాలూ ఉన్నాయి. మీ పెళ్లి పట్టుచీరను ఆయన స్టీలు సామాన్లవాడికి వేసి ఓ గిన్నె తెస్తే ఎలా ఉంటుందో, ఆయనకిప్పుడు అలాగే ఉంది.

1,400 పౌండ్ల సంగతి వేరు. అక్కడ తప్పు పూర్తిగా ఆయనదే, నేను ఆయన్ని వెనకేసుకు రాను. చిక్కల్లా, మీరు ఈ రెంటినీ ఒకే త్రాసులో వేస్తున్నారు. "నేను పెట్టె పారేశాను సరే, మరి నువ్వు చేసిందేంటి?" అన్నంతకాలం మీ క్షమాపణ ఆయన చెవిన పడదు, ఆయన లెక్క మీ చేతికి రాదు. పెట్టెల విషయంలో పొరపాటైందని చెప్పి, అక్కడితో ఆగిపోండి. దాని వెనక "కానీ" తగిలించకండి.

మామగారి గురించి మీరు చివర్లో దాటేసినట్టు రాసిన ముక్క దగ్గర నేను ఆగాను. కొడుకు మొదట కొన్నది డెక్కా రాడార్ వ్యానే అన్నారు కదా. మీగడ రంగు మీద నారింజ చారలు, పైన తిరిగే యాంటెన్నా. ఇదంతా నాన్న కోసమేనని నేను తేల్చి చెప్పలేను. మీరే అడగండి. ఆయన పక్కన కూర్చుని, ఆ యాంటెన్నాను ఓసారి తిప్పి చూపించమనండి. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగారా?

డబ్బు దగ్గరకొస్తే, నెలకింత అని ఇద్దరూ కలిసి అనుకోండి. అది దాటి ఏదైనా కొనాలంటే ఉన్నవాటిలో ఒకటి అమ్మాలి. సేకరించేవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఏది ఎంతకు కొన్నారో, దానికి పెట్టె ఉందో లేదో ఆయన చేతే ఓ నోట్‌బుక్‌లో రాయించండి. రేపు ఇన్సూరెన్సుకైనా పనికొస్తుంది. ఇంకో కార్డు, ఇంకో అప్పు బయటపడితే మాత్రం ఇది సరదా దాటినట్టే, అప్పుల సలహాదారు దగ్గరకి ఇద్దరూ వెళ్లండి.

ఒక్క విషయం. మాటలు కలిసిన సాయంత్రమే బిల్లు బయటికి తియ్యకండి. మర్నాడు తియ్యండి.