బనానా బ్రెడ్ తిన్న రాత్రే చెమటలు, దడ.. పండు వల్లేనా?

ప్రశ్న: నా వయసు 56. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటున్నా. నల్లబడిన అరటిపండ్లు పారేయబుద్ధి కాక ఈమధ్య బనానా బ్రెడ్ చేయడం నేర్చుకున్నా. పండులోనే తీపి ఉంటుంది కాబట్టి చక్కెర వేయను. సాయంత్రం రెండు ముక్కలు తింటా. షుగర్ పెరక్కుండా ఆ రోజు మావారి గ్లిమిపెరైడ్ మాత్ర ఒకటి వేసుకుని, రాత్రి భోజనం మానేస్తా. ఆ రోజుల్లోనే అర్ధరాత్రి దాటాక ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడతో మెలకువ వస్తోంది. లేచి ఇంకో ముక్క తింటే కాసేపటికి సర్దుకుంటోంది. పండ్లు మరీ ముగ్గి పులిసిపోవడం వల్లే ఇదంతా అంటున్నారు మావారు. నిజమేనా? ఎంత నల్లబడిన పండు వరకు వాడొచ్చు?
- ఓ పాఠకురాలు

జవాబు: పండు సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఆగింది ‘మావారి మాత్ర ఒకటి’ అన్నచోట. మీరేమో దాన్ని మాటవరసకు రాసినట్టు రాసేశారు.

మీరు చెప్పిన చెమటలు, దడ, తినగానే సర్దుకోవడం చూస్తే రాత్రిపూట మీ షుగర్ బాగా పడిపోతోందేమోనని నా అనుమానం. మిమ్మల్ని చూడకుండా, రీడింగ్ లేకుండా ఖాయంగా చెప్పలేను. థైరాయిడ్, గుండె లయలో తేడా, మెనోపాజ్.. ఇవన్నీ కూడా చెమటలు, దడ తెప్పిస్తాయి. కానీ సరిగ్గా ఆ మాత్ర వేసుకున్న రోజుల్లోనే వస్తోందని మీరే రాశారు కదా.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపెరైడ్ అలా కాదు. అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. దాని ప్రభావం 24 గంటల దాకా ఉండొచ్చు. సాయంత్రం తిన్న బ్రెడ్ ఏ తొమ్మిదింటికో అరిగిపోయి ఉంటుంది. ఆపైన భోజనం లేదు. మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

‘ఇద్దరికీ షుగరే కదా, ఏ మాత్రయితేనేం’ అనే మాట నేను ఓపీలో వింటూనే ఉంటాను. ఆమధ్య ఒకాయన ఎంత లేపినా లేవడం లేదని తెల్లవారుజామున తీసుకొచ్చారు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు. వేలి నుంచి చుక్క తీసి చూస్తే షుగర్ 34. గ్లూకోజ్ ఎక్కించిన కాసేపటికే కళ్లు తెరిచి, ఇంటికెళ్తానని గొడవ. పంపలేదు. ఈ రకం మాత్రలతో పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా మళ్లీ పడిపోతుంది. రోజంతా ఉంచుకుని గంట గంటకూ చూడాల్సి వచ్చింది. ఆయన వేసుకున్నదీ అన్నగారి మాత్రే. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో అయితే ఈ మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలబడిపోతుంది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ మీకు ఎంతుందో మీరు రాయలేదు. అసలు చేయించుకుని ఎన్నాళ్లయింది?

కాబట్టి ఆ మాత్ర ఈ రోజుతో ఆపేయండి. మీ మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా మానొద్దు, పెంచొద్దు. మళ్లీ అలా మెలకువ వస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి తాగాలి. మీటర్ లేకపోతే దానికోసం ఆగొద్దు, ముందు చక్కెర నీళ్లు తాగండి. బనానా బ్రెడ్ అప్పుడు పనికిరాదు. అందులోని వెన్న, నూనె వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మీకు ఇప్పటిదాకా సర్దుకుందంటే అదృష్టమే అనుకోండి. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ ముక్క మీవారికి కూడా చదివి వినిపించండి.

ఇక ‘చక్కెర వేయను’ అన్న ధైర్యం. మీ కొలతలు రాయలేదు గానీ, మామూలుగా 250 గ్రాముల మైదాకు మూడు పండ్లు వేస్తారు. ఆ మైదాలో 190 గ్రాముల దాకా, పండ్లలో 80 గ్రాముల దాకా పిండిపదార్థాలు ఉంటాయి. పది ముక్కలు కోస్తే ముక్కకు 27 గ్రాములు, అంటే మరో అరటిపండు తిన్నట్టే. మీరు తినేది రెండు. పండు ముగ్గేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది. మొత్తం పెద్దగా పెరగదు గానీ, షుగర్ త్వరగా ఎక్కుతుంది. తినాలనిపిస్తే పలచటి ముక్క ఒకటి తినండి, ఆ పూట భోజనంలో పిండిపదార్థాలు ఆ మేరకు తగ్గించుకోండి. భోజనమే మానేయొద్దు. రెండు గంటల తర్వాత ఒక రీడింగ్ చూసుకుంటే మీ ఒంటికి ఎంత పడుతుందో తెలుస్తుంది.

మీరు అడిగిన నలుపు గురించి: తొక్క మీద మచ్చలున్నా, తొక్కంతా నల్లబడినా, లోపల గుజ్జు శుభ్రంగా ఉండి తియ్యటి వాసన వస్తే వాడొచ్చు. బూజు పట్టినా, నీరు కారుతున్నా, సారా వాసన కొడుతున్నా పారేయండి. ఓవెన్‌లో పెడితే అన్నీ చచ్చిపోతాయనుకోవద్దు, బూజు వదిలే విషాల్లో కొన్ని ఆ వేడికి పోవు. పాడైన పండు తింటే మామూలుగా వాంతులు, విరేచనాలు అవుతాయి. మీ చెమటల నేరం మాత్రం పండు మీదికి తోయలేం.

ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), క్రియాటినిన్ చేయించుకోండి. రాత్రి చెమటల సంగతి, మాత్ర సంగతి దాచకుండా చెప్పండి. ఆ మాత్ర ఆపాక కూడా గుండె దడ వస్తుంటే ఈసీజీ అవసరం కావచ్చు. అన్నట్టు, మీవారి మాత్రలు మీరు వేసుకుంటున్నారంటే నెలాఖరున ఆయన డోసులు తప్పుతున్నాయేమో, అదీ ఓసారి లెక్క చూడండి.