పది అయిపోయింది, ఇక బాక్సింగ్ మానిపించాలా?

నమస్తే అమ్మా. పాప పదో తరగతి అయిపోయింది, రాష్ట్ర స్థాయిలో రెండు పతకాలు తెచ్చింది, ఇప్పుడు రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ అంటున్నారు వాళ్ల నాన్న, బాక్సింగ్ మాననంటోంది పాప, మధ్యలో మీరు నలుగుతున్నారు. "నిఖత్ జరీన్‌కి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు కదా, మా పాపకీ అలాంటిది వస్తుందా" అని అడిగారు.

ఆ ఉద్యోగాన్ని చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండమ్మా. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది, అప్పుడు తనది ఇంచుమించు మీ పాప వయసే. సీనియర్లలో ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో, ఇస్తాంబుల్‌లో. అంటే 11 ఏళ్లు! మధ్యలో 2017లో భుజానికి గాయమై చాలాకాలం రింగ్‌కి దూరమైంది. బ్యాంకు ఉద్యోగం 2021లో వచ్చింది, డీఎస్పీ 2024లో. 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్ గెలిచిన ఆ అమ్మాయే పారిస్ ఒలింపిక్స్‌లో రెండో బౌట్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో ఓడిపోయింది, చివరికి స్వర్ణం ఆ వూ యుకే వచ్చింది. డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో తీసే జాబితాలో, ఎవరు ఎప్పుడు ఎదురవుతారో మన చేతుల్లో ఉండదు. నిఖత్ ఊరు నిజామాబాద్‌కే చెందిన హుసాముద్దీన్‌నే చూడండి, కామన్వెల్త్‌లో రెండు కాంస్యాలు తెచ్చిన ఆర్మీ బాక్సర్, 2023 ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లి మోకాలి గాయంతో ఆ బౌట్ ఆడలేకపోయాడు, కాంస్యంతో సరిపెట్టుకున్నాడు.

అలాగని మానిపించమని నేను అనను. పదహారేళ్ల పిల్ల తనంతట తాను పొద్దున్నే లేచి గ్రౌండ్‌కి వెళ్తోందంటే అది చిన్న విషయం కాదు.

రెసిడెన్షియల్ వద్దు, అక్కడ ప్రాక్టీస్ సాగదు. ఇంటి దగ్గర డే కాలేజీలో సీఈసీ గానీ, పాపకి నచ్చిన ఇంకో గ్రూపు గానీ తీసుకోండి, చదువు మాత్రం ఆపొద్దు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికైనా, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమాకైనా రేపు సర్టిఫికెట్లు అడుగుతారు. 17, 18 ఏళ్ల వాళ్లది యూత్ విభాగం. ఆ రెండేళ్లలో జాతీయ పోటీల్లో పతకం దాకా వెళ్తోందా, జాతీయ శిక్షణ క్యాంప్‌కి పిలుపు వస్తోందా అన్నది చూడండి. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకి ఎంపికైతే శిక్షణ, తిండి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 6.28 లక్షల సాయం ఉంటుంది, అందులో నెలకి 10 వేలు చేతికే ఇస్తారు. పిలుపు రాకపోతే డిగ్రీ మీద గట్టిగా దృష్టి పెట్టొచ్చు, అప్పటికీ ఏమీ మించిపోదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బరువు తగ్గాలని బౌట్‌కి ముందు నీళ్లు, తిండి మానేయమంటే ఒప్పుకోకండి, ఎదిగే పిల్ల, పై వెయిట్ విభాగంలో ఆడినా నష్టం లేదు.

వాళ్ల నాన్న ఇంతవరకు పాప బౌట్ ఒక్కటీ చూడలేదని రాశారు. వచ్చే టోర్నమెంట్‌కి ఆయన్ని తీసుకెళ్లండమ్మా, కాలేజీ ఫీజు ఆ తర్వాత కట్టుకోవచ్చు.