జీటీకే బిల్డ్ చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. డెబియన్ 12 లినక్స్‌తో వచ్చే జీటీకే 4.8లో (ప్రోగ్రాములకు కిటికీలు, బటన్లు అందించే లైబ్రరీ) ఫైలు ఎంచుకునే కిటికీ కోసం వాడే ఫైల్‌డైలాగ్ క్లాసు లేదనీ, అది 4.10లో గాని రాలేదనీ, పాత ఫైల్‌చూజర్‌డైలాగ్‌ను ఆ 4.10 నుంచే వాడుకలోంచి తప్పిస్తున్నారనీ, అందుకే జీటీకే సోర్సు (మూల కోడు) తెచ్చి నీ పైథాన్ ప్రోగ్రాం కోసం నువ్వే బిల్డ్ చేయదలచుకున్నాననీ రాశావు. డెబియన్ 13లో 4.18 ఉంది కాబట్టి దానికి మారగలిగితే ఈ శ్రమే అక్కర్లేదు. ఆఫీసు యంత్రం 12 మీదే ఉండాలన్నావు కనుక సరే, చెయ్యి. అయితే ఒక్క మాట. రేపు ఈ ప్రోగ్రాం పదిమంది యంత్రాలకు చేరవలసి వస్తే నీ చేతి బిల్డును వాళ్లకు మోసుకెళ్లకు. దానికి ఫ్లాట్‌పాక్ ఉంది, ప్రోగ్రాంను కావలసిన లైబ్రరీలతో సహా ఒకే మూటగా పంపే పద్ధతి అది. ఇప్పుడు చేసేది నీ ఒక్కదాని పని కోసమే అనుకో.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ముందే చెబుతాను. కొత్త జీటీకేను సిస్టమ్ ఫోల్డర్లలోకి వెళ్లనివ్వకు. బిల్డును సిద్ధం చేసే మీసన్ అనే సాధనానికి ఏమీ చెప్పకపోతే అది యూఎస్ఆర్ లోకల్ అనే సిస్టమ్ ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేస్తుంది, అప్పుడు యంత్రంలోని ఇతర ప్రోగ్రాములు కూడా నీ లైబ్రరీని పట్టుకునే అవకాశం ఉంటుంది. నీ హోమ్ డైరెక్టరీలో జీటీకే410 అనే ఫోల్డరు పెట్టుకుని, మీసన్ సెటప్ సమయంలో ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ చేసే చోటు) దాని పూర్తి పాత్‌ను, లిబ్‌డిర్‌గా (లైబ్రరీలు పెట్టే ఉపఫోల్డరు) ఉత్త లిబ్ అనే పేరును ఇవ్వు. ఆ రెండోది ఇవ్వకపోతే డెబియన్‌లో లైబ్రరీలు ప్రాసెసర్ పేరుతో ఉన్న మరో ఉపఫోల్డరులోకి వెళ్తాయి, తరువాత పాత్‌లు రాసేటప్పుడు తికమక పడతావు. ఇలా చేస్తే ఇన్‌స్టాల్‌కు సుడో (సిస్టమ్ అధికారంతో ఆదేశం నడపడం) అవసరమే రాదు. సుడో వాడని మనిషి సిస్టమ్‌ను పాడు చేయడం చాలా కష్టం.

సోర్సు కోసం, జీటీకేను తయారుచేసే గ్నోమ్ వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్‌లో 4.10 ఫోల్డరులోని చివరి టార్ ఫైలును, దాని పక్కనే ఉండే ఎస్‌హెచ్‌ఏ256 ఫైలును తీసుకుని, దిగినది చెడిపోలేదని సరిచూసుకో. మధ్య అంకె సరిసంఖ్య అయితే స్థిరమైన విడుదల, బేసి సంఖ్య అయితే ఇంకా తయారీలో ఉన్నది. 4.10 కంటే కొత్తదాని మీద ఆశ పడకు. కొత్తది అయ్యేకొద్దీ అది తాను ఆధారపడే కొత్త జీలిబ్‌ను (మూల లైబ్రరీ), కొత్త పాంగోను (అక్షరాలు పేర్చే లైబ్రరీ) అడుగుతుంది, చివరకు నువ్వు ఒక లైబ్రరీ కోసం బయలుదేరి ఆరు లైబ్రరీలు కడుతూ కూర్చుంటావు. ఏది ఎంత వెర్షను కావాలో సోర్సులోని ముఖ్యమైన మీసన్ బిల్డ్ ఫైలు పైభాగంలోనే రాసి ఉంటుంది, మొదలుపెట్టే ముందు చదువుకో.

డిపెండెన్సీలను, అంటే బిల్డుకు కావలసిన ఇతర లైబ్రరీలను, ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు. ప్యాకేజీలు దించే ఏపీటీ సాధనపు సోర్సుల జాబితాలో డెబ్-సోర్సు వరుసలను చేర్చి, ఏపీటీ బిల్డ్-డెప్ జీటీకే4 అని ఇస్తే 4.8ను బిల్డ్ చేయడానికి కావలసినవన్నీ దిగుతాయి, అందులో చాలావరకు 4.10కి కూడా సరిపోతాయి. సుడోను ఇలా ఏపీటీతో ప్యాకేజీలు దించే పనికే వాడు. ఆ తరువాత కూడా గ్రాఫీన్ అనే లైబ్రరీ దొరకలేదనో మరొకటి దొరకలేదనో మీసన్ అంటే, ఆ లైబ్రరీ నీ దగ్గర లేదని అర్థం కాకపోవచ్చు. లైబ్రరీ ఉండి, బిల్డ్ చేయడానికి కావలసిన హెడర్లూ పీకేజీ-కాన్ఫిగ్ ఫైలూ ఉండే డెవ్ ప్యాకేజీ లేకపోతే కూడా అదే మాట వస్తుంది.

సెటప్‌లో వ్రాప్ మోడ్‌ను నోఫాల్‌బ్యాక్‌గా పెట్టడం మరచిపోకు. లేకపోతే కావలసిన వెర్షను దొరకనప్పుడు మీసన్ ఆగదు. దాని సోర్సును తానే దించుకుని నీ జీటీకేతో కలిపి బిల్డ్ చేసేస్తుంది. చూడటానికి ఉపకారంలాగే ఉంటుంది. కానీ అలా రెండో జీలిబ్ నీ ఫోల్డరులో చేరిన సంగతి నీకు తెలియదు, ఏదైనా తేడా వచ్చిన రోజున కారణం అంతుపట్టదు. ఆగి అడిగేలా చేయడమే మేలు. వీడియో అవసరం లేదు కనుక జీస్ట్రీమర్ మీడియా ఆప్షన్‌ను తీసెయ్యి. ఇంట్రోస్పెక్షన్‌ను మాత్రం ఆటోలో వదలకుండా ఎనేబుల్డ్ అని స్పష్టంగా చెప్పు, పైథాన్‌కు జీటీకేలో ఏమేమి ఉన్నాయో తెలిసేది దాని ద్వారానే.

ఇక అసలు కంపైల్ నడిపించే సాధనమైన నింజా పని. అది ప్రాసెసర్ కోర్లన్నీ వాడేస్తుంది; ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే జే ఆప్షన్‌తో రెండు పనులకు పరిమితం చెయ్యి. ఎర్రర్ వస్తే తెరమీది చివరి వరుసను చూసి దిగులు పడకు. ఒకేసారి చాలా ఫైళ్లు కంపైల్ అవుతాయి కాబట్టి అసలు కారణం పైకి వెళ్లిపోయి ఉంటుంది. ఫెయిల్డ్ అన్న మాట మొదటిసారి ఎక్కడ కనబడిందో అక్కడికి వెళ్లి, దాని కిందిది చదువు. సెటప్ దశలోనే ఆగిపోతే మీసన్ లాగ్స్ ఫోల్డరులోని లాగ్ ఫైలు తెరువు, తెరమీద కనబడనిది అందులో ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయిన తరువాతే అసలు చిక్కు. నీ ప్రోగ్రాం కొత్త జీటీకేను పట్టుకోవాలంటే లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్ ఒక్కటే మార్చితే చాలదు, అందరూ అక్కడే ఆగిపోతారు. పైథాన్ క్లాసుల జాబితాను టైప్‌లిబ్ ఫైలులోంచి చదువుతుంది; జీఐ టైప్‌లిబ్ పాత్ అనే వేరియబుల్‌లో నీ ఫోల్డరులోని లిబ్ కింద ఉన్న జీఐరిపాజిటరీ-1.0ను చేర్చకపోతే అది సిస్టమ్‌లోని 4.8 టైప్‌లిబ్‌నే తీసుకుంటుంది. అప్పుడు నడిచేది 4.10 లైబ్రరీ అయినా ఫైల్‌డైలాగ్ లేదనే అంటుంది. దీన్ని పట్టుకోవడానికి తేలిక ఉపాయం ఒకటుంది. పైథాన్‌లో గెట్ మైనర్ వెర్షన్ ఫంక్షన్‌ను పిలిచి వచ్చిన అంకెను, మైనర్ వెర్షన్ అనే స్థిరాంకాన్ని పక్కపక్కన ప్రింట్ చెయ్యి. మొదటిది నడుస్తున్న లైబ్రరీ చెప్పేది, రెండోది టైప్‌లిబ్‌లో రాసి ఉన్నది. రెండూ 10 అయితే సరే. ఒకటి 10, ఒకటి 8 వస్తే నీ పాత్‌లలో ఒకటి తప్పినట్టే.

ఐకాన్ల వంటివి ఎక్కడ వెతకాలో చెప్పే ఎక్స్‌డీజీ డేటా డిర్స్‌లో కూడా నీ షేర్ ఫోల్డరును ముందు చేర్చు, కానీ దాని వెనక యూఎస్ఆర్ లోకల్ షేర్, యూఎస్ఆర్ షేర్ రెండూ తప్పకుండా ఉండాలి. వాటిని వదిలేస్తే ఐకాన్లు మాయమవుతాయి. ఈ మూడు వేరియబుళ్లనూ ఒక చిన్న షెల్ ఫైలులో రాసి, పని చేసే టెర్మినల్‌లో మాత్రమే సోర్స్ ఆదేశంతో చదివించుకో. దానంతటదే నడిచే బ్యాష్‌ఆర్‌సీలోనో ప్రొఫైల్ ఫైలులోనో పెట్టావంటే నీ డెస్క్‌టాప్‌లోని ఎడిటరూ సెట్టింగులూ కూడా నీ లైబ్రరీ మీద నడవడం మొదలుపెడతాయి, మనం దేన్ని తప్పించాలనుకున్నామో అదే జరుగుతుంది.

అదే టెర్మినల్‌లోంచి జీటీకేతో వచ్చే నమూనా ప్రోగ్రాం జీటీకే4-డెమోను నీ ఫోల్డరులోని బిన్ నుంచి నడిపి, అక్షరాలు టైపు చేసే ఏ డబ్బాలోనైనా ‘స్త్రీ’ అని రాసి చూడు. ఖాళీ గడులు కనిపిస్తే బిల్డును అనుమానించకు, తెలుగు ఫాంట్ లేదన్నమాట. ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేసుకో. త, ర ఒత్తులు స కింద కూర్చోకుండా పొల్లులతో విడివిడిగా వస్తే మాత్రం వేరే ఫాంట్‌తో ఒకసారి చూసి, అప్పుడూ అలాగే ఉంటే పాంగో, అక్షరాల రూపాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఎక్కడి నుంచి లోడ్ అవుతున్నాయో ఎల్‌డీడీ ఆదేశంతో పరిశీలించు. మనం కట్టింది జీటీకే ఒక్కటే కనుక ఆ రెండూ సిస్టమ్‌వే అయి ఉండాలి.

బిల్డ్ డైరెక్టరీని వెంటనే చెరిపేయకు, ఆప్షన్ మార్చి మళ్లీ నింజా నడిపితే మారినంత మేరకే కంపైల్ అవుతుంది. ఆఫీసు వాళ్లు డెబియన్ 13కి మారిన రోజున జీటీకే410 ఫోల్డరును, ఆ షెల్ ఫైలును తీసివేస్తే సరిపోతుంది. ఎక్కడైనా ఆగితే ఫెయిల్డ్ అన్న వరుస నుంచి ఇరవై వరుసలు కాపీ చేసి పంపు. ఫోటో తీసి పంపకు.

ఆశీస్సులతో,
బాబాయి